చెప్పిన మాటకు లెక్క

2024 నవంబరు 28న బంగాళాఖాతంలో ఉన్న తీవ్ర వాయుగుండం తీరం దాటేసరికి కూడా తీవ్ర వాయుగుండంగానే ఉంటుందని భారత వాతావరణ శాఖ అంచనా వేసింది. మర్నాడు మధ్యాహ్నానికి అది ‘ఫెంగల్’ తుపాను అయింది. 30వ తేదీ రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటి, గంటల తరబడి కదలకుండా అక్కడే నిలబడిపోయింది. ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అలాంటి రాత్రి పుదుచ్చేరిలోని ఇందిరా నగర్‌లో ఫోను చేతపట్టుకున్న వాళ్లకు కావలసింది ఒక్కటే: మా వీధికి నీళ్లొస్తాయా, ఎన్నింటికి? ప్రభుత్వ హెచ్చరిక ఎక్కువగా జిల్లా లెక్కన ఉంటుంది. పేట పేరు, గంట చెప్పే సాహసం చేసేది వాతావరణ ఔత్సాహికులే. తమిళనాట ప్రదీప్ జాన్, మన దగ్గర 2021 జులైలో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ ఇంజినీరు సాయి ప్రణీత్ అలా ‘వెదర్‌మ్యాన్’లుగా పేరు తెచ్చుకున్నవారే.

వీరిని నమ్మడానికి కొలత డిగ్రీ కాదు, ఉద్యోగమూ కాదు. అంచనాల పసను కొలవడానికి అమెరికా వాతావరణ శాస్త్రవేత్త గ్లెన్ బ్రయర్ 1950లోనే ఒక లెక్క చెప్పాడు. వానకు 80 శాతం అవకాశం ఉందన్నారు, వాన పడింది. వాన పడితే 1, పడకపోతే 0 అనుకుంటే, అంచనాకూ జరిగినదానికీ తేడా 0.2, దాని వర్గం 0.04. పడకపోతే తేడా 0.8, వర్గం 0.64. ధీమాగా చెప్పి తప్పితే శిక్ష పదహారు రెట్లన్నమాట. ఎప్పుడూ ‘సగం సగం’ అంటూ తప్పించుకునేవారికి ప్రతిసారీ 0.25 పడుతుంది. నెలల తరబడి సగటు తీస్తే ఎవరి పస ఎంతో తేలిపోతుంది. ఒక్క తుపానును సరిగ్గా చెప్పడం అదృష్టం కావచ్చు, వంద వానలను చెప్పడం కాదు.

ఔత్సాహికులకు సొంత పరికరాలేవీ అన్నది న్యాయమైన ప్రశ్నే. వారు చదివేది వాతావరణ శాఖ కారైకాల్‌లో నడిపే రాడార్ వంటివాటి చిత్రాలను, యూరప్, అమెరికా కంప్యూటర్ నమూనాలను. ప్రజాధనంతో నడిచే ఆ వ్యవస్థ లేకపోతే వీరూ లేరు. జాలర్లను వేటకు వెళ్లొద్దనడం, ఇళ్లు ఖాళీ చేయించడం ప్రభుత్వ గొంతు ఒక్కటే చేయాలి. అక్కడ రెండో మాట ప్రాణాల మీదికి తెస్తుంది. మరి ఆ ప్రభుత్వమే ఒక్క రోజులో అంచనా మార్చిందే అంటారా? కొత్త కొలతలు వచ్చాక మార్చడం నిజాయతీ. ఆ మార్పు తేదీ, సమయంతో సహా బులెటిన్‌లో నిలిచి ఉంటుంది. వాట్సాప్‌లో తిరిగే పాత వరద వీడియోకు తేదీ ఉండదు, రేపు నిలదీయడానికి మనిషీ ఉండడు. తెరంతా ఎర్రగా నింపి భయపెట్టే టీవీ చానలైనా నిన్న చెప్పినదాన్ని ఇవాళ తలచుకోకపోతే ఆ వరసలోనిదే.

ఈశాన్య రుతుపవనాల కాలంలో మీరు నమ్మే వెదర్‌మ్యాన్ మాటలనూ వాతావరణ శాఖ మాటలనూ నెల రోజులు క్యాలెండరు మీద రాసిపెట్టండి. పక్కనే ఆ రోజు మీ వీధిలో పడ్డ వానను రాయండి.