డిగ్రీ అయిన పదేళ్ళకి మెడికల్ స్కూల్ – ఉత్తరాలు ఎవరిని అడగాలి?

సిఫార్సు ఉత్తరం అనగానే మనకి గుర్తొచ్చేది వేరు. పేరున్న పెద్దమనిషి లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు, కింద సంతకం, స్టాంపు. ఆయనకి మనం తెలియాల్సిన పనిలేదు, ఆయన మనవాళ్ళకి తెలిస్తే చాలు! కాలేజీ వదిలేటప్పుడు ఇచ్చే కాండక్ట్ సర్టిఫికెట్ కూడా ఆ బాపతే. బుద్ధిమంతుడికైనా, అల్లరివాడికైనా అదే వాక్యం. ఎం.ఎస్.కి వచ్చేటప్పుడు రికమండేషన్లు మనమే టైపు చేసుకుని మేష్టారి చేత సంతకం పెట్టించుకున్న రోజులు కూడా చాలామందికి గుర్తుండే ఉంటాయి. అమెరికాలో మెడికల్ స్కూలు అడిగే ఉత్తరానికి వీటితో చుట్టరికం లేదు. ఇక్కడి మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ దీన్ని మూల్యాంకన లేఖ అంటుంది. అంటే, మిమ్మల్ని దగ్గరగా చూసినవారు ఇచ్చే సాక్ష్యమన్నమాట. చదువు ముగించి పదేళ్ళయినవారికి చిక్కు ఇక్కడే వస్తుంది. చూసినవారు మర్చిపోయి ఉంటారు.

మోరిస్‌విల్ లాంటి చోట ఈ ప్రశ్న పుట్టడంలో వింత లేదు. 2020 జనాభా లెక్కల్లో 30 వేలైనా లేని ఊరు. కానీ పక్కనే రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్, కేరీలో సాస్ కంపెనీ, కారులో అరగంట వెళితే డ్యూక్, యూఎన్‌సీ మెడికల్ స్కూళ్ళు. క్లినికల్ సాస్ ప్రోగ్రామింగ్ చేస్తూ, ట్రయల్ డేటాలో పేషెంట్లని సబ్జెక్ట్ నంబర్లుగా చూసి చూసి, ఆ నంబరు వెనకున్న మనిషి దగ్గరికి వెళ్ళాలనిపించినవారు ఉంటారు. ఇక్కడే పుట్టి, బయాలజీ డిగ్రీ చేసి, అమ్మానాన్నల మాట మీద ఐటీలో చేరినవారు ఉంటారు. బి.ఫార్మసీ చేసి, పెళ్ళయి వచ్చి, పిల్లలు బడికెళ్ళాక మళ్ళీ పుస్తకం తెరిచినవారు ఉంటారు. వీరికి ఎంక్యాట్ అంటే పెద్ద బెదురు ఉండదు. పరీక్షలు మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే కదా! ఉత్తరాల దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు ఆగిపోతాయి.

(ఇండియాలో ఎంబీబీఎస్ చేసి ఇక్కడ రెసిడెన్సీకి ప్రయత్నించేవారి దారి వేరు. చాలా స్పెషాలిటీలకి వారి ఉత్తరాలు ఎరాస్ ద్వారా వెళ్తాయి, ఒక్కో ప్రోగ్రాముకి 4 మించకూడదు, ఇక్కడి ఆస్పత్రుల్లో చూసిన డాక్టర్లు రాసినవాటికే విలువ ఎక్కువ. ఈ వ్యాసం మొదటిసారి మెడికల్ స్కూల్లో చేరదలచినవారి కోసం.)

ముందు ఎవరి ఉత్తరాలు కావాలో చూద్దాం. స్కూలు స్కూలుకీ లెక్క మారుతుంది. ఎక్కువ చోట్ల కనిపించే పద్ధతి ఏమిటంటే సైన్సు చెప్పిన ప్రొఫెసర్లు ఇద్దరు, సైన్సు కాని సబ్జెక్టు చెప్పినవారు ఒకరు, ఆపైన పని చేయించినవారో, డాక్టరో ఒకరు. డి.ఓ. డిగ్రీ ఇచ్చే స్కూళ్ళలో కొన్ని ఆస్టియోపతిక్ డాక్టరు ఉత్తరం కూడా అడుగుతాయి. చదువు ముగిసి చాలా ఏళ్ళయినవారికి కొన్ని స్కూళ్ళు ప్రొఫెసర్ల బదులు పైఅధికారుల ఉత్తరాలు ఒప్పుకుంటాయి, కొన్ని ససేమిరా అంటాయి. ఏఏఎంసీ వారి ఎంసార్ డేటాబేస్‌లోనూ, స్కూలు వెబ్‌సైట్‌లోనూ చూడండి. స్పష్టంగా లేకపోతే అడ్మిషన్స్ ఆఫీసుకి ఈమెయిల్ రాయండి, వచ్చిన జవాబు దాచుకోండి. పోయినేడు ఎవరి అబ్బాయికో చెప్పిన మాట ఈ ఏడు మీకు పనికిరాకపోవచ్చు. మీరు అమెరికాలో డిగ్రీ చేసి ఉంటే, మీ కాలేజీ ప్రీ-హెల్త్ కమిటీ పూర్వ విద్యార్థులకి కూడా ఉత్తరం రాస్తుందేమో కనుక్కోండి. రాయకపోతే విడి ఉత్తరాలు పెట్టుకోవచ్చు.

ఇక పాత ప్రొఫెసరు. చాలామంది ఇక్కడ మొహమాటపడతారు. పదేళ్ళుగా ఒక్క పలకరింపు లేకుండా ఇప్పుడు అవసరానికి ఎలా రాయడం అని! నన్నడిగితే ఈ మొహమాటం అక్కర్లేదు. పూర్వ విద్యార్థుల నుంచి ఇలాంటి ఈమెయిల్స్ రావడం ఇక్కడి ప్రొఫెసర్లకి మామూలే. వారికి మీరు గుర్తున్నారా లేదా అన్నది కూడా కొంతవరకు మీ చేతిలోనే ఉంది. ఏ సంవత్సరం, ఏ సెమిస్టరు, ఏ కోర్సు, ఏ గ్రేడు అన్నది మొదటి రెండు లైన్లలో రాయండి. తర్వాత మీకూ ఆయనకీ మాత్రమే తెలిసే సంగతి ఒకటి రాయండి. ఆఫీస్ అవర్స్‌లో పదేపదే అడిగిన సందేహమో, లాబ్‌లో మూడుసార్లు తిరగబెట్టి చేసిన ప్రయోగమో, టర్మ్ పేపరు మీద ఆయన రాసిన వ్యాఖ్యో. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఏం చేశారు, వైద్యం వైపు ఎందుకు తిరిగారు అన్నది ఒక్క పేరాలో. చివర అడగాల్సిన ప్రశ్న: "నా గురించి బలమైన ఉత్తరం రాయగలిగినంతగా మీకు నేను గుర్తున్నానా?" ఇలా అడిగితే, గుర్తులేని పెద్దాయన మర్యాదగా తప్పుకోవడానికి దారి ఉంటుంది. తప్పుకుంటే నొచ్చుకోకండి, మీకు మేలే చేశాడు. పేరు తప్ప ఏమీ లేని అరపేజీ ఉత్తరం కంటే లేకపోవడమే నయం.

ఒప్పుకుంటే ఫోన్లోనో, జూమ్‌లోనో ఒక అరగంట అడగండి. మార్కుల జాబితా, రెజ్యూమె, పర్సనల్ స్టేట్‌మెంట్ చిత్తుప్రతి, ఉంటే పాత లాబ్ రిపోర్టు పంపండి. ఏఏఎంసీ ఉత్తరాలు రాసేవారి కోసం సూచనలు ప్రచురించింది, అది కూడా జత చెయ్యండి. మిమ్మల్ని ఎన్నాళ్ళుగా, ఏ హోదాలో ఎరుగుదురో చెప్పాలనీ, గ్రేడ్లూ ఎంక్యాట్ స్కోర్లూ ఎలాగూ అప్లికేషన్‌లో ఉంటాయి కాబట్టి వాటినే వల్లించొద్దనీ అందులో ఉంటుంది. ప్రొఫెసరు రిటైరైతే ఏం భయం లేదు, ఆయన రాయవచ్చు. క్లాసులో మిమ్మల్ని దగ్గరగా చూసింది టీచింగ్ అసిస్టెంటే అయితే, అతను రాసి ప్రొఫెసరు కూడా సంతకం చెయ్యడం ఒక మార్గం. ఒక్కటి మాత్రం వద్దు. "మీరే రాసి పంపండి, సంతకం పెడతాను" అని ఎవరైనా అంటే, పాత అలవాటుకొద్దీ ఒప్పేసుకోకండి. కావలసిన వివరాలన్నీ ఇస్తానని చెప్పండి, ఉత్తరం మాత్రం ఆయన్నే రాయమనండి. సాక్ష్యం ఇచ్చేవారి మాట మనమే రాస్తే అది సాక్ష్యం ఎలా అవుతుంది?

ఎవరూ గుర్తుపట్టకపోతే? అప్పుడు కొత్త సాక్షిని సంపాదించుకోవాలి. అంటే మళ్ళీ ఒక క్లాసులో కూర్చోవాలి. వేక్ టెక్ కమ్యూనిటీ కాలేజీకి 2018 నుంచి మోరిస్‌విల్‌లోనే ఆర్‌టీపీ క్యాంపస్ ఉంది. సైన్సు లాబ్‌లు ఏ క్యాంపస్‌లో జరుగుతాయో చూసుకుని చేరండి. కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లని కొన్ని మెడికల్ స్కూళ్ళు తక్కువగా చూస్తాయి కాబట్టి, ఆల్రెడీ డిగ్రీ ఉన్నవారు రాలీలోని ఎన్.సి. స్టేట్‌లో నాన్-డిగ్రీ స్టూడెంట్‌గా బయోకెమిస్ట్రీ లాంటి పైస్థాయి కోర్సు తీసుకుంటే ఇంకా మంచిది. చిన్న క్లాసు ఎంచుకోండి, ముందు వరసలో కూర్చోండి, ఆఫీస్ అవర్స్‌కి వెళ్ళండి. సెమిస్టరు అయిన వారంలోనే ఉత్తరం అడగండి.

ఇండియాలో డిగ్రీ చేసినవారికి ఈ దారి ఎలాగూ తప్పదు. ఆమ్‌కాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ విదేశీ మార్కుల్ని సరిచూడదు. చాలా మెడికల్ స్కూళ్ళు అమెరికాలోనో, కెనడాలోనో చదివిన క్రెడిట్లు ఇన్ని ఉండాలని పట్టుబడతాయి. మొదట వింటే ఉసూరుమనిపిస్తుంది కానీ, ఆ కోర్సుల్లోనే మీ ఉత్తరాలు రాసే ప్రొఫెసర్లు దొరుకుతారు. గుంటూరులోనో, వరంగల్‌లోనో పాత ప్రిన్సిపాల్ ఈమెయిల్ కోసం వాట్సాప్ గ్రూపులన్నీ గాలించే శ్రమ తగ్గుతుంది.

ఆఫీసులో మేనేజరు ఉత్తరం సంగతి కొంచెం సున్నితం. అడిగామంటే ఉద్యోగం వదులుతున్నామని చెప్పినట్టే. సీటు వస్తుందో రాదో తెలియదు, ఇల్లు గడవాలి, పైగా హెచ్-1 మీద ఉన్నవారికి ఉద్యోగంతోనే స్టేటస్ ముడిపడి ఉంది. అలాంటప్పుడు ప్రస్తుత మేనేజరు జోలికి వెళ్ళకుండా, వేరే కంపెనీకి మారిపోయిన పాత మేనేజర్నో, ప్రాజెక్ట్ లీడ్‌నో అడగడం క్షేమం. వారికి కూడా ఒక మాట చెప్పాలి. ఎన్ని రిలీజులు గడువులోగా ఇచ్చారన్నది కమిటీకి అంతగా పట్టదు. అర్ధరాత్రి సిస్టం పడిపోయినప్పుడు ఎలా ఉన్నారు, సొంత తప్పుని ఎలా చెప్పారు, కొత్తగా చేరిన కుర్రాడికి ఎంత ఓపిగ్గా నేర్పారు అన్నవి కావాలి. అన్నట్టు, గ్రీన్ కార్డు లేనివారిని తీసుకునే మెడికల్ స్కూళ్ళు తక్కువ. గ్రీన్‌విల్‌లోని బ్రోడీ స్కూలైతే నార్త్ కెరొలైనా నివాసులకే సీట్లిస్తుంది. ఉత్తరాల వేటకి ముందే ఈ లెక్క తేల్చుకోండి.

మన డాక్టరు అంకుల్స్ గురించి కూడా చెప్పాలి. ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక కార్డియాలజిస్టు తెలిసే ఉంటాడు, అడిగితే సంతోషంగా రాస్తాడు కూడా. "చిన్నప్పటి నుంచీ ఎరుగుదును, మంచి కుటుంబం" అన్న ఉత్తరం వల్ల ఒరిగేదేమీ లేదు. చుట్టాలు అసలే వద్దు. రెండు మధ్యాహ్నాలు వెనక నిలబడి చూసిన షాడోయింగ్‌కి కూడా ఉత్తరం బరువు రాదు. దానికంటే రాలీలో అర్బన్ మినిస్ట్రీస్ వారి ఓపెన్ డోర్ క్లినిక్ లాంటి ఉచిత వైద్యశాలలో ఒక ఏడాది క్రమం తప్పకుండా పనిచేస్తే, అక్కడి కోఆర్డినేటరు రాసేది చాలా మెరుగు.

చివరిగా పద్ధతి. ఆమ్‌కాస్‌లో 10 ఉత్తరాల వరకు పెట్టుకోవచ్చు. ఒక్కోదానికి ఒక లెటర్ ఐడీ వస్తుంది, ఆ కాగితం రాసేవారికి పంపితే వారే అప్‌లోడ్ చేస్తారు. లెటర్‌హెడ్, తేదీ, సంతకం ఉండాలి. ఉత్తరం చూసే హక్కు వదులుకోవడమే ఆనవాయితీ. దరఖాస్తు మే మొదట్లో తెరుచుకుంటుంది, మే చివర నుంచి పంపవచ్చు. ఉత్తరాలు రాకపోయినా పంపవచ్చు, సరిచూసే పని వాటి కోసం ఆగదు. పంపాక కొత్తవి చేర్చుకోవచ్చు గానీ చేర్చినవి తీసెయ్యడం కుదరదు. అందుకని మార్చిలోనే అడగడం మొదలుపెట్టండి, మూడు వారాలకోసారి మర్యాదగా గుర్తుచెయ్యండి. ఈ ఏడాది సీటు రాకపోతే ఆమ్‌కాస్ ఆ ఉత్తరాల్ని మరుసటి ఏడాదికి దాచిపెట్టదు, అన్నీ మళ్ళీ తెప్పించాలి. ఇంటర్‌ఫోలియో లాంటి సర్వీసులో పెట్టించుకుంటే, కొంత రుసుముతో అక్కడ నిలవ ఉంటాయి. మళ్ళీ పంపేముందు తేదీ మార్చి, ఆ ఏడాదిలో మీరు చేసిన పని ఒక వాక్యం చేర్చమని రాసినవారిని అడగండి.