తీగ తెంచుకున్న మెరుపు

శంషాబాద్ దగ్గరి అమ్మపల్లి రామాలయం సినిమా షూటింగులకు పేరుపడ్డ గుడి. 2008 మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి ఇటు తరలివచ్చాక చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్లు, రిసార్టులు పెరిగాయి. వాటి వెనకే పెళ్లి ఫోటోగ్రాఫర్లూ వచ్చారు. ఇప్పుడు ఏ మంటపం దగ్గర చూసినా ఫోటోగ్రాఫర్ కెమెరా నెత్తిన చిన్న పెట్టె ఉంటుంది. ఫ్లాష్ మాత్రం దూరంగా, ఏ స్తంభం పక్కనో స్టాండు మీద ఉంటుంది. రెంటికీ మధ్య తీగ ఉండదు.

కెమెరా మీదే బిగించిన ఫ్లాష్ ముఖాన్ని చదును చేసేస్తుంది. వెలుగు పక్కనుంచి పడితేనే ముక్కుపుడకకూ జరీకీ ప్రాణం వస్తుంది. ఇది పాతకాలం వాళ్లకూ తెలుసు. చిక్కంతా దూరాన ఉన్న దీపానికి సరైన క్షణంలో కబురు అందించడంలోనే.

1887లో జర్మనీలో మెగ్నీషియం కలిపిన ఫ్లాష్ పొడి వచ్చింది. పొగ, మంట, అప్పుడప్పుడు కాలిన కనుబొమలు! అప్పట్లో షట్టర్ తెరిచి ఉంచి పొడి అంటించేవారు కాబట్టి తొందరేమీ లేదు. 1930లలో అమెరికాలో హెరాల్డ్ ఎడ్గర్టన్ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను తీర్చిదిద్దాక తొందర మొదలైంది. కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టుల విద్యుత్తు కాచుకుని ఉంటుంది. కొన్ని వేల వోల్టుల చిన్న తాకిడితో గొట్టంలోని జినాన్ వాయువు ఒక్కసారిగా విద్యుత్ వాహకమవుతుంది. సెకనులో వెయ్యో వంతులో అంతా అయిపోతుంది. షట్టర్ వేగం ఎక్కువైతే కెమెరా షట్టర్ తెరలు రెండూ పూర్తిగా తెరుచుకుని ఉండేది కొన్ని మిల్లీసెకన్లే. కబురు ఆలస్యమైతే ఫోటోలో సగం నల్లటి పట్టీ.

అందుకే చాలాకాలం సింక్ కేబుల్‌నే నమ్ముకున్నారు. పెళ్లిపందిట్లో నేలమీద పాకే తీగ ఎవరి కాలికి తగులుతుందో చెప్పనక్కర్లేదు.

తర్వాత స్లేవ్ వచ్చింది. ఎక్కడ మెరుపు కనిపించినా తన ఫ్లాష్‌నూ వెలిగించే చిన్న కాంతి సెన్సర్ అది. చవక, చురుకు, కానీ విచక్షణ శూన్యం. పెళ్లికూతురి మేనమామ తన కెమెరా నొక్కినా అది వెలుగుతుంది. మన ఫోటో తీసే వేళకి ఇంకా ఛార్జవుతూ ఉంటుంది. ఎండలోనేమో దానికి కన్ను సరిగా ఆనదు. 1990లలో మినోల్టా, తర్వాత కెనాన్, నికాన్ మెరుపులనే సంకేతాలుగా మార్చి ఆ అయోమయం తగ్గించాయి. అయినా రాతి స్తంభం అడ్డొస్తే కాంతి దాటలేదు.

రేడియో దాటగలదు. అమెరికాలోని వెర్మాంట్‌లో పుట్టిన పాకెట్‌విజార్డ్ అనే రేడియో ట్రిగ్గర్ ఆ పని చేసి చూపింది. కానీ దాని అమెరికా మోడల్ 344 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పలుకుతుంది. దిగే విమానానికి వాలు చూపే సంకేతాల బ్యాండు 329 నుంచి 335 దాకా. దాదాపు ఇరుగుపొరుగే! రేడియో నిబంధనలు దేశానికో తీరు కాబట్టి యూరప్‌కు 433 మోడల్ వేరే చేశారు. ఈ తలనొప్పి వదిలింది 2.4 గిగాహెర్ట్జ్‌తో. మన దేశంలో 2005లోనే తక్కువ శక్తి పరికరాలకు ఆ బ్యాండును లైసెన్సు లేకుండా వదిలారు. పైలట్లు టవర్‌తో మాట్లాడే 118–137 మెగాహెర్ట్జ్‌కు ఇది ఎక్కడో దూరం. కెనాన్ 2012లో ఫ్లాష్ లోపలే ఈ రేడియో పెట్టింది. షెంజెన్‌లోని గోడాక్స్ దాన్ని మామూలు ఫోటోగ్రాఫర్ కొనగలిగే ధరకు తెచ్చింది. నా లెక్కన అసలు విప్లవం ఆ ధరే.

కాబట్టి శంషాబాద్‌లో ఈ ట్రిగ్గర్లకు పోటీ విమానాలతో కాదు, హాల్లోని వైఫైతో, పక్క మంటపంలోని ఇంకో ఫోటోగ్రాఫర్‌తో. గోడాక్స్‌కు 32 ఛానెళ్లున్నాయి, వాటికి తోడు 99 దాకా ఐడీలున్నాయి. ఇన్ని ఉన్నా చాలామంది పెట్టె విప్పినప్పుడున్న ఒకటో ఛానెల్‌లోనే ఉండిపోతారు. అప్పుడు వాళ్లు నొక్కితే మన ఫ్లాష్ వెలుగుతుంది, మనం నొక్కితే వాళ్లది. ముహూర్తాల రోజున జీలకర్ర బెల్లానికి ముందే పక్క టీమ్‌ను పలకరించి ఏ ఛానెల్ వాడుతున్నారో అడగండి, మీది మార్చుకోండి.