సైటు తాళంచెవి ఎవరి దగ్గరుంది? కమిటీలు, బడులు, దుకాణాలవాళ్లు చూసుకోవాల్సిన మూడు సంగతులు

బెల్లంపల్లి: మస్జిద్ కమిటీకో, ట్యూషన్ సెంటర్‌కో, ఫంక్షన్ హాలుకో ఒక వెబ్‌సైటు పెట్టించడం ఇప్పుడు పెద్ద పని కాదు. తెలిసిన కుర్రాడు నాలుగు రోజులు కూర్చుంటే తయారైపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఆ కుర్రాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరుకుతుంది, లేదా గల్ఫ్‌కు వెళ్లిపోతాడు. సింగరేణి కుటుంబమైతే శ్రీరాంపూర్‌కో, గోదావరిఖనికో, భూపాలపల్లికో బదిలీ అవుతుంది. లాగిన్ మాత్రం అతని ఫోన్లోనే ఉండిపోతుంది. నిరుడు పెట్టిన ఇఫ్తార్ వేళలు ఈ ఏడూ అలాగే కనిపిస్తుంటాయి. మార్చేవాళ్లుండరు.

సైటు కట్టించడం ఒక ఎత్తు, దాన్ని చేతిలో ఉంచుకోవడం ఇంకో ఎత్తు. ఇందుకు కంప్యూటర్ కోర్సు అక్కర్లేదు. సెట్టింగ్స్, యూజర్లు, ఫొటోలు, ఈ మూడూ తెలిస్తే చాలు.

చిన్న సైట్లకు ఎక్కువగా వాడేది వర్డ్‌ప్రెస్. మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ దీని మొదటి వెర్షన్‌ను 2003 మే 27న విడుదల చేశారు. ఈరోజు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దీని మీదే నడుస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ, డొమైన్ పేరుకు, హోస్టింగ్‌కు మాత్రం గడువు గడువుకూ డబ్బు కట్టాలి. ఆ రెండు ఖాతాలు ఎవరి పేరున, ఎవరి ఈమెయిల్ మీద ఉన్నాయో ముందు అడిగి రాసుకోండి. గడువు దాటినా కట్టకపోతే పేరు వేరేవాళ్లు కొనుక్కునే వీలుంటుంది.

మొదట సెట్టింగ్స్

లాగిన్ అయ్యాక కనిపించే డ్యాష్‌బోర్డ్‌లో సెట్టింగ్స్ కింద 'జనరల్' తెరవండి. సైటు పేరు, దాని కింద ఒక వరుస పరిచయం ఇక్కడే మారుస్తారు. అడ్మిన్ ఈమెయిల్ కూడా ఇక్కడే ఉంటుంది. సైటుకు సంబంధించిన ముఖ్యమైన సందేశాలు దానికే వెళ్తాయి కాబట్టి, ఒకరి సొంత ఈమెయిల్ కాకుండా కమిటీ పేరున తెరిచిన ఈమెయిల్ ఇవ్వడం మేలు. కొత్తది ఇచ్చాక, ఆ ఈమెయిల్‌కు వచ్చిన లింకు నొక్కితేనే మార్పు అమలవుతుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు.

తర్వాత టైమ్ జోన్. చాలా సైట్లలో ఇది యూటీసీ మీదే ఉండిపోతుంది. మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. సాయంత్రం 6 గంటలకు రావాలని పెట్టిన ప్రకటన రాత్రి 11.30కి బయటికి వస్తుంది. జాబితాలో 'కోల్‌కతా' ఎంచుకుంటే సరిపోతుంది.

భాష సంగతి మన ఇళ్లకు పనికొచ్చేది. 2016 డిసెంబర్‌లో వచ్చిన 4.7 వెర్షన్ నుంచి ఎవరి డ్యాష్‌బోర్డ్ భాష వాళ్లే ఎంచుకోవచ్చు. ప్రొఫైల్‌లోకి వెళ్లి పెద్దాయన ఉర్దూ పెట్టుకోవచ్చు, మనవరాలు తెలుగు పెట్టుకోవచ్చు. సైటు చూసేవాళ్లకు కనిపించే భాష దీనివల్ల మారదు.

'రీడింగ్' సెట్టింగ్స్‌లో, సెర్చ్ ఇంజిన్లు రావొద్దని చెప్పే ఒక గడి ఉంటుంది. సైటు తయారవుతున్నప్పుడు టిక్ పెట్టి మర్చిపోతుంటారు. గూగుల్‌లో ఎంత వెతికినా సైటు కనబడకపోతే ముందు చూడాల్సింది దాన్నే.

ఇంకొకటి లింకు. తెలుగులో శీర్షిక పెడితే లింకు కూడా తెలుగులోనే తయారవుతుంది. దాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే ఒక్కో తెలుగు గుర్తు తొమ్మిది శాతం గుర్తులు, అంకెలు, అక్షరాలుగా విడిపోయి చాంతాడంత అవుతుంది. చూసినవాళ్లు మోసం లింకేమో అని భయపడతారు. పోస్టు పెట్టేటప్పుడే 'స్లగ్' అనే చోట ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు మాటలు రాస్తే లింకు పొట్టిగా వస్తుంది.

ఎవరికి ఎంత అధికారం

మస్జిద్ బీరువా తాళంచెవి నమాజుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ ఇవ్వరు. అలాగని ఒక్కరి దగ్గరే ఉంచి, ఆయన ఊరెళ్తే తలుపు ముందు నిలబడరు. సైటుకూ అదే లెక్క.

వర్డ్‌ప్రెస్‌లో ఐదు హోదాలుంటాయి. అడ్మినిస్ట్రేటర్‌కు అన్నీ చేతిలో ఉంటాయి. ఎడిటర్ అందరి పోస్టులూ దిద్దవచ్చు, బయటపెట్టవచ్చు, సెట్టింగ్స్ మాత్రం ముట్టలేరు. ఆథర్ తన పోస్టులు తానే పెట్టుకుంటారు, ఫొటోలు ఎక్కించగలరు. కంట్రిబ్యూటర్ రాసి ఇవ్వగలరు గానీ, దాన్ని బయటపెట్టలేరు, ఫొటోలు ఎక్కించలేరు. సబ్‌స్క్రయిబర్‌ది చదవడం, తన ప్రొఫైల్ చూసుకోవడం వరకే.

ఇప్పుడు కమిటీకి అన్వయించుకుందాం. అడ్మినిస్ట్రేటర్లు ఇద్దరు ఉండాలి, అదీ రెండు వేర్వేరు ఇళ్లవాళ్లు. ప్రకటనలు చూసే సెక్రటరీ ఎడిటర్. జల్సా, బడి కార్యక్రమాల వార్తలు పెట్టే యువకులు ఆథర్లు. కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు కంట్రిబ్యూటర్లు. ఒకే పాస్‌వర్డ్ పదిమంది వాడొద్దు. ఏదైనా పోస్టు మాయమైతే ఎవరు తీశారో తేలదు, అనుమానం అందరి మీదా పడుతుంది. ఎవరి ఖాతా వారికి ఉంటే ఆ గొడవ రాదు.

'అడ్మిన్' అనే యూజర్‌నేమ్ పెట్టుకోవద్దు. దొంగ లాగిన్లకు ప్రయత్నించేవాళ్లు ముందు కొట్టేది ఆ పేరే. ఒకసారి పెట్టిన యూజర్‌నేమ్‌ను డ్యాష్‌బోర్డ్‌లో మార్చడం కుదరదు. కొత్త అడ్మినిస్ట్రేటర్ ఖాతా తెరిచి, దానితో లాగినై, పాతదాన్ని తీసేయాలి.

ఖాతా తీసేసేటప్పుడు మాత్రం నెమ్మదిగా చదవండి. ఆ వ్యక్తి పోస్టులన్నీ తీసేయాలా, లేక ఇంకొకరి పేరుకు మార్చాలా అని అడుగుతుంది. కంగారులో మొదటిది నొక్కితే అతను ఏళ్లుగా పెట్టినవన్నీ పోతాయి. రెండోదే ఎంచుకోండి.

ఫొటోలు: బరువు ఒకటి, పరువు ఒకటి

ఫోన్‌తో తీసిన ఫొటో ఒక్కోటి 4 ఎంబీ ఉందనుకుంటే, ఇరవై ఫొటోలకు 80 ఎంబీ. అవే 1,200 పిక్సెళ్ల వెడల్పుకు తగ్గించి ఒక్కోటి 200 కేబీ చేస్తే మొత్తం 4 ఎంబీతో అయిపోతుంది. 2019లో వచ్చిన 5.3 వెర్షన్ నుంచి 2,560 పిక్సెళ్లు దాటిన ఫొటోకు వర్డ్‌ప్రెస్ తానే చిన్న కాపీ చేసుకుని వాడుతుంది. కానీ పెద్ద ఫైలు కూడా సర్వర్లోనే ఉండి చోటు తింటుంది. అందుకే ఎక్కించక ముందే తగ్గించాలి.

ప్రతి ఫొటోకూ 'ఆల్ట్ టెక్స్ట్' అనే గడి ఉంటుంది. చూపు లేనివాళ్ల ఫోన్ ఆ మాటల్నే చదివి వినిపిస్తుంది. 'ఫొటో' అని రాస్తే వాళ్లకు ఏం లాభం? 'బడి మైదానంలో బహుమతి అందుకుంటున్న విద్యార్థులు' అని రాయాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఎవరి ఫొటో పెడుతున్నామన్న దగ్గర. నికాహ్‌లో ఆడవాళ్ల ఫొటోలు, బడిలో ఆడపిల్లల ఫొటోలు, రంజాన్‌లో రేషన్ కిట్ అందుకుంటున్న బేవా ఫొటో. సాయం అందుకున్న మనిషి ముఖం సైటులో పెడితే, ఆమె బిడ్డల సంబంధాల సమయంలో కూడా అది ఎవరో ఒకరి ఫోన్లో కనిపించవచ్చు. కిట్ల ఫొటో వేసి, ఎన్ని ఇళ్లకు ఇచ్చారో రాస్తే చందా ఇచ్చినవాళ్లకు లెక్క చెప్పినట్టే కదా. పిల్లల విషయంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది. 18 ఏళ్లలోపు వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని అది చెబుతుంది.

ఎవరైనా వచ్చి 'మా అమ్మాయి ఫొటో తీసేయండి' అంటే, పోస్టులోంచి తీసేసి ఊరుకోవద్దు. ఫైలు 'మీడియా లైబ్రరీ'లోనే ఉంటుంది, నేరుగా దాని లింకు ఉన్నవాళ్లకు తెరుచుకుంటుంది. లైబ్రరీలోకి వెళ్లి ఆ ఫొటోను శాశ్వతంగా డిలీట్ చేయాలి. ఈలోపు ఎవరైనా సేవ్ చేసుకుని ఉంటే దాన్ని వెనక్కి తీసుకునే దారి సైటులో లేదు. అందుకే అడగడం ఎక్కించక ముందే జరగాలి.

పాస్‌వర్డ్ కూడా నలుగురూ నమ్మి అప్పగించిన అమానతే. వచ్చే కమిటీ మీటింగ్‌లో ఒక్క పావుగంట దీనికి ఇవ్వండి. డొమైన్ గడువు తేదీ, అడ్మిన్ ఈమెయిల్, ఇద్దరు అడ్మినిస్ట్రేటర్ల పేర్లు మినిట్స్ బుక్‌లో రాసి పెట్టండి. పాస్‌వర్డ్‌లు మాత్రం అందులో రాయొద్దు. రెండో అడ్మినిస్ట్రేటర్‌తో అక్కడికక్కడే ఒకసారి లాగిన్ చేయించి చూడండి. తెరుచుకోకపోతే, మొదటి మనిషి ఊళ్లో ఉండగానే సరిచేసుకోవచ్చు.