మీకు తెలుసా? రాయచూరు నుంచి హైవే ఎక్కే కొత్త డ్రైవర్లకు

• రాయచూరు మీదుగా వెళ్లే 167వ జాతీయ రహదారి ఒకవైపు మంత్రాలయం, ఆదోనిల వైపు, మరోవైపు మక్తల్, మహబూబ్‌నగర్‌ల వైపు సాగుతుంది. కర్ణాటకలో తీసుకున్న లైసెన్సు ఆంధ్ర, తెలంగాణల్లోనూ చెల్లుతుంది.

• 2018 కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం కారు గరిష్ఠ వేగం, డివైడర్ ఉన్న నాలుగు వరుసల రోడ్డుపై గంటకు 100 కి.మీ., డివైడర్ లేని మామూలు రోడ్డుపై 70 కి.మీ. బోర్డుపై అంతకంటే తక్కువ ఉంటే బోర్డు మాటే చట్టం.

• 70 కి.మీ. వేగంలో కారు సెకనుకు 19 మీటర్లు దూసుకెళ్తుంది. ముందు బండికి కనీసం మూడు సెకన్ల ఎడం ఉంచండి. వేగం రెట్టింపైతే, బ్రేకు వేశాక ఆగే దూరం నాలుగింతలవుతుంది.

• పత్తి, వడ్ల బస్తాల ట్రాక్టర్లకు వెనుక లైటు లేకపోవచ్చు. చీకటి పడ్డాక వేగం తగ్గించండి. ఎదురుగా బండి వస్తుంటే డిమ్ చేయండి.

• మలుపుల్లో, ఇరుకు వంతెనలపై ఓవర్‌టేక్ చేయకండి.

• క్షతగాత్రులకు సద్బుద్ధితో సాయపడేవారికి మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. భయపడకండి, ఆగండి. జాతీయ రహదారి హెల్ప్‌లైన్ 1033, అత్యవసర నంబరు 112.