ట్రయల్సులో నున్నవారు

ఆంగ్లపదము మన వ్రాతలోనికి వచ్చుట తప్పని నేననను. రైలు, పోస్టు అను మాటలు మన యిండ్లలో తెలుఁగుమాటలే యైనవి. కాని యొక్కొక్క మాట మనకుఁ దెలియవలసిన విషయమును మఱుఁగుపఱచును. అట్టివానిలో "ట్రయల్సు" ఒకటి.

1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో వెలసిన పిమ్మట, చెన్నపట్టణమునందలి తెలుఁగు చలనచిత్ర వ్యాపారము క్రమముగా హైదరాబాదునకుఁ దరలినది. జూబిలీహిల్సు, ఫిలింనగరులలో కార్యాలయములు. దిగువనున్న కృష్ణానగరు ఇఱుకు గదులలో వేషములు కోరి వచ్చిన పిల్లలు. 2002 నాటి "ఖడ్గం" చిత్రము చూచినవారికి ఈ జీవితము కొంత తెలియును. వారు ఇంటికి వ్రాయునది యొక్కటే: "ఛాన్సులకు ట్రై చేయుచున్నాను", "ట్రయల్సులో నున్నాను".

మా యెఱుకలోని యొక తల్లి యీ మాట చదివి, "కుఱ్ఱవాఁడు కోర్టుపాలైనాఁడా, అమ్మా?" అని నన్నడిగినది. నాకు నవ్వు రాలేదు. మొదటి నెలలోను అదే మాట, అయిదవ యేఁటను అదే మాట. పని దొరకినదో, పస్తున్నాఁడో దానివలనఁ దెలియదు.

తెలుఁగుక్రియకు ఆ మఱుఁగు లేదు. "వెదకుచున్నాఁడు" అన్న నిప్పటి పని. "వెదకును" అన్న నదియే వాని నడవడి. ఈ రెండవదానిని చిన్నయసూరిగారు బాలవ్యాకరణమున తద్ధర్మార్థకమన్నారు. ఏండ్లు గడచినను "ట్రై చేయుచున్నాను" అనువాఁడు నిన్ననే మొదలిడినట్లు వ్రాయుచున్నాఁడు. అమరకోశములో మార్గణమన్న వెదకుట, మార్గణుఁడన్న యాచకుఁడు, బాణమునకును అదియే పేరు. వెదకువాఁడు గుఱి గల బాణమో, చేయి చాఁచినవాఁడో ఆ యొక్క పదమే ప్రశ్నించుచున్నట్లు నాకుఁ దోఁచును.

అయినను ఆఁడపిల్లల విషయమున నాకు మఱియొక తలంపు కలదు. "అవకాశములకై తిరుగుచున్నాను" అని ఆ పిల్ల తెలుఁగున వ్రాసినచో, ఊరు ఊరంతయు "తిరుగుబోతు" అనును. త్రాగుబోతు, తిండిపోతుల వరుసలోఁ జేర్చును. ఆ నిందకు వెఱచి యామె ఇంగ్లీషు చాటునకుఁ బోయిన, తప్పు మన నోటిదే. విద్య కోరునది విద్యార్థిని యైనపుడు, వేషము కోరునది అవకాశార్థిని యేల కాఁగూడదు?

ఆ తల్లి కుమారునకు ఉత్తరము వ్రాసి నాకుఁ జూపినది. అందు రెండే ప్రశ్నలు: ఈ నెల ఎన్ని దినములు పని దొరకినది? రాత్రి భోజన మెక్కడ? జవాబు తెలుఁగులోనే వచ్చినది: నాలుగు దినములు, స్నేహితుని గదిలో.