ద్విచక్రంపై సేవాపథం

* దూకుడు ముద్రను చెరిపేసుకునే యత్నంలో మోటారు సైకిల్ బృందాలు
* రక్తదానం, క్షతగాత్రుల రక్షణతోనే నిజమైన ఆదరణ

సికింద్రాబాద్: ఆదివారం తెల్లవారుజామున ప్యారడైజ్ కూడలి మీదుగా రాజీవ్ రహదారి వైపు పదిహేను, ఇరవై మోటారు సైకిళ్లు వరుసకట్టి సాగుతుంటే చూపరుల్లో రెండు రకాల భావాలు కలుగుతాయి. కుర్రకారుకు అది ముచ్చట. ఆ చప్పుడుకు నిద్ర చెడిన వృద్ధులకు, పసిబిడ్డల తల్లులకు అది విసుగు. సైలెన్సర్లు మార్చిన కొందరు, రహదారిపై విన్యాసాలకు దిగే మరికొందరు చేసే ఆగడాల వల్ల పద్ధతిగా బండి నడిపేవారు సైతం నింద మోయాల్సి వస్తోంది. ఈ అపవాదును సేవతో తుడిచేయాలన్నది మోటారు సైకిల్ బృందాల తలంపు. అది ఎంతవరకు సాధ్యం? ఎలాంటి సేవ నిజంగా అక్కరకొస్తుంది?

అపకీర్తి నాటిది.. సేవా నాటిదే!

మోటారు సైకిల్ బృందాలంటే అల్లరి మూకలన్న భావన అమెరికాలో బలపడింది. 1947 జులైలో కాలిఫోర్నియాలోని హోలిస్టర్ పట్టణంలో జరిగిన పోటీల సందర్భంగా చెలరేగిన గొడవను పత్రికలు పతాక శీర్షికలకెక్కించాయి. 1953లో వచ్చిన మార్లన్ బ్రాండో చిత్రం 'ది వైల్డ్ వన్' ఆ ముద్రను ప్రపంచమంతటికీ చేరవేసింది. విచిత్రమేమిటంటే, పేద పిల్లలకు బొమ్మలు పంచే 'టాయ్స్ ఫర్ టాట్స్' కార్యక్రమం కూడా అదే 1947లో అమెరికాలో మొదలైంది. అనంతర కాలంలో దానికి బొమ్మలు సేకరించి అందించిన వారిలో మోటారు సైకిల్ సంఘాలు ముందు నిలిచాయి. 2012లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఆరంభమైన 'డిస్టింగ్విష్డ్ జెంటిల్‌మన్స్ రైడ్' మరో అడుగు ముందుకేసింది. సూటు, టై ధరించి పాతకాలపు బళ్లపై హుందాగా సాగే ఈ యాత్ర ద్వారా ప్రోస్టేట్ క్యాన్సర్ పరిశోధనకు, పురుషుల మానసిక ఆరోగ్యానికి విరాళాలు సేకరిస్తారు. హైదరాబాద్ చోదకులు కూడా ఇందులో పాలుపంచుకున్నారు.

దండు నేలపై బులెట్

1806లో నిజాం సికందర్ జా పేరిట వెలసిన సికింద్రాబాద్ పుట్టుకతోనే సైనిక పట్టణం. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ సంస్థ ఏర్పడటానికి మూలం సైన్యం ఇచ్చిన బులెట్ల ఆర్డరే. అందుకే ఈ దండు ప్రాంతంలో ఒకనాడు ఆ బండి చప్పుడంటే క్రమశిక్షణకు గుర్తు. నేడు అదే చప్పుడు ఫిర్యాదుకు కారణమవుతుండటం ఆలోచించాల్సిన విషయం.

జంట నగరాల మహిళలు ఈ ముద్రను మరో విధంగా మార్చి చూపారు. జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు 2018లో హైదరాబాద్ నుంచి బయలుదేరి, ఆరు దేశాల్లో సుమారు 17 వేల కిలోమీటర్లు మోటారు సైకిళ్లపై ప్రయాణించారు. అనంతరం ఆమె 'మోవో' సంస్థను స్థాపించి, మహిళలకు వాహనం నడపడం నేర్పించి వారికి ఉపాధి మార్గం చూపే పనికి పూనుకున్నారు. యాత్రతో వచ్చిన పేరు ఇతరులకు బతుకుతెరువుగా మారిన ఉదాహరణ ఇది.

బండే అంబులెన్స్ అయిన వేళ

ఇరుకు సందుల్లోకి నాలుగు చక్రాల వాహనం దూరలేని చోట ద్విచక్ర వాహనమే ప్రాణదాత. పశ్చిమ బెంగాల్‌లోని జల్పాయిగుడి జిల్లాకు చెందిన తేయాకు తోట కార్మికుడు కరీముల్ హక్, అంబులెన్స్ అందక తల్లిని పోగొట్టుకున్నారు. ఆ దుఃఖంతో తన మోటారు సైకిల్‌నే అంబులెన్స్‌గా మార్చి వేలాది రోగులను ఆసుపత్రులకు చేర్చారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. తెలంగాణ ప్రభుత్వం సైతం అదే ఏడాది ఆగస్టులో 108 సేవల్లో 50 ద్విచక్ర అంబులెన్సులను ప్రవేశపెట్టింది.

రక్తదానం.. ఒకే రోజు వద్దు

మోటారు సైకిల్ బృందాలు తరచూ చేపట్టే సేవ రక్తదానం. అయితే ఇందులో ఒక మెలకువ ఉంది. తలసీమియా బాధిత చిన్నారులకు రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించక తప్పదు. సేకరించిన ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులు, ప్లేట్‌లెట్లు అయిదు రోజులు మాత్రమే నిల్వ ఉంటాయి. అరవై మంది సభ్యులు వార్షికోత్సవం నాడు ఒక్కసారే రక్తమిస్తే ఫొటో బాగుంటుంది గానీ, మూడో నెలలో వచ్చే చిన్నారికి అది అందదు. పురుషులు 90 రోజులకోసారి రక్తమివ్వవచ్చు. కనుక ఇరవై మంది చొప్పున మూడు జట్లుగా విడిపోయి నెలకొక జట్టు ఇస్తే ఏడాది పొడవునా ధార ఆగదు. మహిళలకు ఈ విరామం 120 రోజులు. కళాశాలలకు సెలవులుండే వేసవిలో శిబిరాలు తగ్గి కొరత ఏర్పడుతుంది. ఆ నెలల్లో ముందుకు రావడం మరింత మేలు.

ప్రమాద స్థలంలో తొలి నిమిషాలు

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో ద్విచక్ర వాహనదారులే 74,897 మంది. హెల్మెట్ లేక మృతి చెందినవారు 50,029 మంది. నిత్యం రహదారిపై ఉండే చోదకులు ప్రథమ చికిత్స నేర్చుకుంటే, అంతకు మించిన సేవ లేదు. క్షతగాత్రుడు కనిపించగానే ముందుగా వెనుక వచ్చే వాహనాలను నిలువరించి 108కు ఫోన్ చేయాలి. రక్తం కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. నీళ్లు తాగించరాదు. శ్వాస ఆడుతున్నంత వరకు హెల్మెట్‌ను లాగరాదు. మెడకు గాయమై ఉంటే ఆ కుదుపే ప్రాణాంతకం కావచ్చు.

కేసుల్లో ఇరుక్కుంటామన్న భయం అనవసరం. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సాయం చేసినవారికి రక్షణ కల్పించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేరింది. తీవ్రంగా గాయపడినవారిని సకాలంలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్రం 2021లో రూ.5 వేల పారితోషికం ప్రకటించి, 2025లో దానిని రూ.25 వేలకు పెంచింది.

ఖర్చు తరచి చూసుకోవాలి

సేవా యాత్ర పేరిట యాభై మంది 150 కిలోమీటర్లు తిరిగారనుకుందాం. లీటరుకు 30 కిలోమీటర్లు వచ్చినా తలా అయిదు లీటర్లు ఖర్చవుతుంది. లీటరు వంద రూపాయలుగా లెక్కించినా పెట్రోలుకే రూ.25 వేలు. అనాథాశ్రమానికి అందిన సాయం అంతకన్నా తక్కువైతే, అది విహారయాత్రే అవుతుంది. ఏం కావాలో ముందే ఆశ్రమాన్ని అడిగి, ఇచ్చినదాని లెక్కను సభ్యుల ముందుంచే బృందంపైనే నమ్మకం కుదురుతుంది. పిల్లల చేతికి పొట్లం ఇస్తూ ఫొటోలు దిగడం వారిని నొప్పిస్తుందనీ గుర్తించాలి.

మార్పు సైలెన్సర్ నుంచే..

నిబంధనల ప్రకారం 175 సీసీ దాటిన మోటారు సైకిల్ చప్పుడు 80 డెసిబెల్స్‌కు మించరాదు. కంపెనీ అమర్చిన సైలెన్సర్ తీసేసిన బండిపై రక్తదానానికి వెళ్లినా, ఆ వీధివారికి గుర్తుండేది చప్పుడే. రోగులు విశ్రమించే ఆసుపత్రుల వీధుల్లో అది మరింత బాధాకరం. సభ్యత్వం కోరేవారి బండి సైలెన్సర్, హెల్మెట్, లైసెన్సు పరిశీలించాకే చేర్చుకోవడం, తప్పిన వారిని పక్కన పెట్టడం బృందాలు సొంతంగా పెట్టుకోదగిన నియమాలు. ఏటా ఒక రోజు చేసే దానం కన్నా, ఏడాదంతా వీధి నిద్ర చెడగొట్టకపోవడమే ఇరుగుపొరుగు మెచ్చే తొలి సేవ. ఆ తర్వాత చేసే ప్రతి మంచి పనినీ జనం నమ్ముతారు.