48 పేజీల పుస్తకం 54 పేజీలు ఎలా అవుతుంది?

డెమ్మీ 1/8 సైజు పుస్తకం. పేజీ ఎత్తు 8.5 అంగుళాలు. పైనా కిందా ముప్పాతిక అంగుళం చొప్పున వదిలితే అక్షరాలకు మిగిలేది 7 అంగుళాలు. కంప్యూటరు లెక్కలో అంగుళానికి 72 పాయింట్లు కాబట్టి అది 504 పాయింట్లు. వరుసకు 18 పాయింట్లు పడితే పేజీకి సరిగ్గా 28 వరుసలు. మొత్తం 48 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు మూడు. ప్రెస్సువాళ్లకు ఇంతకంటే ముచ్చటైన లెక్క ఉండదు.

అదే ఫైలును వేరే కంప్యూటర్లో తెరిచారు. అక్కడ ఆ ఫాంటు లేదు. వర్డ్ ఉన్నదానితో సర్దుకుంది. కొత్త ఫాంటులో వరుసకు 19.5 పాయింట్లు పట్టాయనుకుందాం. పెరిగింది ఒకటిన్నర పాయింటు, అర మిల్లీమీటరు పైచిలుకు. కంటికి ఆనదు. కానీ 504 పాయింట్లలో ఇప్పుడు పట్టేవి 25 వరుసలే. పుస్తకంలోని 1344 వరుసలను పేజీకి 25 చొప్పున పరిస్తే 54 పేజీలు. మూడు ఫారాల పుస్తకం నాలుగో ఫారంలోకి పాకింది. కాగితం ఖర్చు పెరిగింది. విషయసూచికలో చేత్తో టైపు చేసిన పేజీ నంబర్లన్నీ తప్పాయి.

ఇలాంటప్పుడు అందరం తిట్టేది వర్డ్ వెర్షన్‌నే. ‘వాళ్లది పాత వర్డ్, అందుకే చెదిరిపోయింది’ అనేస్తాం. వెర్షన్ల వాటా ఉంది గానీ చిన్నది. సింహభాగం ఫాంటుది. ఆ తర్వాత కాగితం సైజుది, మన స్పేస్‌బార్‌ది.

వర్డ్ ఫైలంటే పేజీల కట్ట అనుకుంటాం. అది కుట్టిన చొక్కా కాదు, దర్జీకిచ్చే కొలతల చీటీ. తెరిచిన ప్రతిసారీ ఆ కంప్యూటరు తన దగ్గరున్న గుడ్డతో కొత్తగా కుట్టి చూపిస్తుంది. నమ్మకం కుదరకపోతే ఏదైనా డాక్ఎక్స్ ఫైలుకు నకలు తీసి, పేరు చివరి భాగాన్ని జిప్ అని మార్చి తెరవండి. లోపల మూడు నాలుగు ఫోల్డర్లు, వాటిలో ఎక్స్ఎంఎల్ ఫైళ్లు కనిపిస్తాయి. ఏ4 కాగితమైతే పేజీ వెడల్పు 11906, ఎత్తు 16838 అని రాసి ఉంటుంది. ఇవి ట్విప్పులు. పాయింటులో ఇరవయ్యో వంతు ఒక ట్విప్పు, అంగుళానికి 1440. అక్షరం సైజు 12 పాయింట్లయితే అక్కడ 24 అని ఉంటుంది, ఎందుకంటే దాన్ని అర పాయింట్లలో లెక్కిస్తారు. కొలతల్లో ఇంత పట్టింపు చూపే వర్డ్, ఫాంటు దగ్గరికొచ్చేసరికి మామూలుగా పేరు మాత్రం రాసి ఊరుకుంటుంది. ఆ పేరున్న ఫాంటు అవతలి కంప్యూటర్లో ఉంటే సరే, లేకపోతే దేన్నో ఒకదాన్ని దాని స్థానంలో కూర్చోబెడుతుంది.

తెలుగువాళ్లకు ఇక్కడే అసలు చిక్కు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో తెలుగుకు గౌతమి ఉండేది. విండోస్ 7తో వాణి వచ్చింది, విండోస్ 8తో నిర్మలా యూఐ వచ్చింది. విండోస్ 10 నుంచి గౌతమి, వాణి రెండింటినీ అదనపు ఫాంటుల జాబితాలోకి నెట్టారు. సెట్టింగుల్లో తెలుగు భాషను చేర్చుకుంటేనో, ఆ ఫాంటులను విడిగా ఎక్కించుకుంటేనో తప్ప కొత్త కంప్యూటర్లో అవి ఉండవు. విచిత్రమేమిటంటే ఆఫీస్ 2007తో మొదలైన థీమ్ ఫైళ్లలో తెలుగు లిపికి ఎదురుగా రాసి ఉన్న పేరు ఆ గౌతమే. మ్యాక్‌లోనైతే కోహినూర్ తెలుగు, ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటిలో నోటో. ఒకే ఉత్తరం నాలుగుచోట్ల నాలుగు ముఖాలతో తెరుచుకుంటుంది.

పైగా వర్డ్ ప్రతి మాటకూ ఒక్క ఫాంటు కాదు, నాలుగు ఫాంటుల పేర్లు రాసుకుంటుంది. రెండు ఇంగ్లిష్ లాంటి లిపులకు, ఒకటి చైనా, జపాన్, కొరియా లిపులకు, ఇంకొకటి ‘కాంప్లెక్స్ స్క్రిప్ట్స్’ కు. తెలుగు ఈ నాలుగో గదిలోది. సైజు కూడా దానికి వేరేగా ఉంటుంది. పైన రిబ్బన్‌లో ఫాంటు మార్చినా తెలుగు అక్షరాలు ఉలకకపోతే ఫాంట్ డైలాగ్ తెరిచి కాంప్లెక్స్ స్క్రిప్ట్స్ గడిలో ఏముందో చూడాలి. ఏళ్ల తరబడి టైపు చేస్తున్నవాళ్లలోనూ ఈ గడి జోలికి వెళ్లనివాళ్లు చాలామంది.

తెలుగులో ఫాంటు మారితే ఎత్తు ఎందుకంత తేడా కొడుతుందో ‘లక్ష్మి’ అనే మాటలో చూడొచ్చు. తెర మీద రెండే అక్షరాలు. ఫైలులో మాత్రం ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఈ ఏడింటినీ కలిపి షావత్తును, దాని కింద మావత్తును ఎక్కడ, ఎంత కిందికి దించాలో తేల్చేది ఫాంటు. ఒకరు లోతుగా దించుతారు, ఇంకొకరు పక్కకు జరుపుతారు. గుడులకూ తలకట్లకూ పైన, ఒత్తులకు కింద, ఎవరి అంచనా ప్రకారం వాళ్లు చోటు వదులుతారు. ‘సింగిల్’ స్పేసింగ్ అంటే ఆ అంచనాయే. ఒత్తుల గొడవ లేని ఇంగ్లిష్‌లో సైతం ఈ తేడా తప్పదు. 12 పాయింట్ల టైమ్స్ న్యూ రోమన్‌లో సింగిల్ వరుసకు 13.8 పాయింట్లు, అదే 12లో కాలిబ్రికి సుమారు 14.65. వెడల్పు సంగతీ అంతే. సంధులు కలిసిన పొడుగాటి మాటను వర్డ్ మామూలుగా మధ్యలో విరవదు. ఒక్క అక్షరం పట్టకపోయినా మాట మొత్తం కింది వరుసకు దూకుతుంది.

అనూ ఫాంటుల కథ మరీ ఘోరం. అవి యూనికోడ్‌కు ముందు తరానివి. 256 గళ్ల పట్టికలో ఇంగ్లిష్ అక్షరాలుండే చోట తెలుగు ముక్కలు పెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ చెదరడం కాదు, అసలు తెలుగే ఉండదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 గళ్లు విడిగా కేటాయించారు కాబట్టి ఫాంటు మారినా ‘ల’ మాత్రం ‘ల’గానే ఉంటుంది. ఇంకా అనూలోనే రాసే పత్రికలూ ప్రెస్సులూ ఉన్నాయని తెలుసు. అవతలివాళ్ల దగ్గర అదే అనూ ఉందని ఖాయమైతేనే ఫైలు పంపండి.

ఇక కాగితం. ఏ4 అంటే 210 × 297 మిల్లీమీటర్లు. అమెరికావాళ్లు వాడే లెటర్ సైజు 215.9 × 279.4. దాదాపు 6 మిల్లీమీటర్లు వెడల్పు ఎక్కువ, 17.6 మిల్లీమీటర్లు పొడవు తక్కువ. చుట్టూ అంగుళం వదిలితే ఏ4లో అక్షరాలకు 698 పాయింట్ల ఎత్తు దొరుకుతుంది, లెటర్‌లో 648. వరుసకు 18 పాయింట్లయితే ఏ4లో 38 వరుసలు, లెటర్‌లో 36. డల్లాస్‌లో ఉన్న కొడుకు తన ల్యాప్‌టాప్‌లో తయారుచేసి పంపిన కాగితాలు విజయవాడలో ప్రింటు తీస్తే మార్జిన్లు ఎందుకో వింతగా వచ్చేది ఇందుకే. వర్డ్ ఆప్షన్లలో ఏ4కూ లెటర్‌కూ మధ్య తనంతట తాను కుదించే ఏర్పాటు ఒకటి ఉంది. ఫైలు లోపలి సైజును మార్చదు, ప్రింటును మాత్రం చడీచప్పుడు లేకుండా సర్దేస్తుంది. సాయమే గానీ, కొలతలు ముఖ్యమైన కాగితాలకు అది ఆపివేయడమే మంచిది.

కొలతలు ఎలా చెప్పాలో మన సుప్రీంకోర్టును చూసి నేర్చుకోవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి దాఖలు చేసే కాగితాలకు ఏ4 సైజు, రెండువైపులా ప్రింటు, టైమ్స్ న్యూ రోమన్, 14 పాయింట్లు, ఒకటిన్నర స్పేసింగ్ అని నిర్దేశించింది. ఫాంటు, సైజు, వరుసల ఎడం, కాగితం నాలుగూ చెప్పాక సందేహానికి తావుండదు. మనలో చాలామంది చెప్పేది ‘కాస్త పెద్దక్షరాల్లో చేయండి’ అని.

వెర్షన్ల వాటా ఎంతో కూడా చెప్పాలి. ప్రతి ఫైలూ ఏ తరం వర్డ్ పద్ధతిలో పేజీ కట్టాలో ఒక అంకెతో గుర్తు పెట్టుకుంటుంది: 2003కు 11, 2007కు 12, 2010కి 14, 2013 నుంచి 15. (13ను మైక్రోసాఫ్ట్ ముట్టుకోలేదు.) అందుకే పాత ఫైలు కొత్త వర్డ్‌లో ‘కంపాటిబిలిటీ మోడ్’లో తెరుచుకుని చాలావరకు పాత రూపాన్నే నిలుపుకుంటుంది. బెడిసేది అతికించినప్పుడు. 2003లో మామూలు పేరా అంటే టైమ్స్ న్యూ రోమన్ 12, సింగిల్. 2007లో అది కాలిబ్రి 11, స్పేసింగ్ 1.15, పేరా తర్వాత 10 పాయింట్ల ఖాళీ. 2013లో 1.08, 8 పాయింట్లు. తర్వాత కాలిబ్రి స్థానంలోకి ఆప్టోస్ వచ్చింది. ముగ్గురు రచయితలు మూడు వెర్షన్లలో రాసిన అధ్యాయాలను ఒక ఫైలులో పోస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

స్పేస్‌బార్ నష్టాన్ని కూడా కొలిచి చూపొచ్చు. ఉత్తరం చివర ‘ఇట్లు’ను కుడివైపుకు జరపడానికి 40 సార్లు స్పేస్ కొట్టారనుకోండి. 12 పాయింట్ల టైమ్స్‌లో ఒక్కో స్పేస్ 3 పాయింట్లు, మొత్తం 120. కాలిబ్రిలో ఒక్కోటి సుమారు 2.7, మొత్తం 108. ‘ఇట్లు’ 4 మిల్లీమీటర్లు ఎడమకు జారింది. అదే పని ట్యాబ్ స్టాప్‌తో చేసి ఉంటే ఫాంటు ఏదైనా కదిలేది కాదు. కొత్త అధ్యాయం కొత్త పేజీలో రావాలని ఎంటర్ మీద ఎంటర్ కొట్టడం ఇంకా చెడ్డది. పైన రెండు వరుసలు పెరిగితే చాలు, అధ్యాయం పేరు పేజీ మధ్యలోకి దిగుతుంది. కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే పేజీ బ్రేక్ పడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కితే పాత పాపాలన్నీ చుక్కలుగా, పేరా గుర్తులుగా తెర మీదికి వస్తాయి.

అవతలివాళ్లు దిద్దాల్సిన ఫైలైతే ముందు ఫాంటు సంగతి తేల్చుకోండి. గూగుల్ ఫాంట్స్‌లో దొరికే మండలి, ఎన్టీఆర్, సురన్న, రామభద్ర, నోటో లాంటివి ఉచితం, ఎవరికైనా ఇవ్వొచ్చు. ఫైలుతోపాటు ఫాంటునూ పంపితే సగం గొడవ తీరుతుంది. వర్డ్ ఆప్షన్లలో ‘సేవ్’ కింద ఫాంటులను ఫైలులోనే పొదిగే వీలుంది. ‘వాడిన అక్షరాలు మాత్రమే’ అనే టిక్కు తీసేయండి, లేకపోతే అవతలివాళ్లకు దిద్దుబాట్లలో కొత్త అక్షరాలు దొరకవు. కొన్ని ఫాంటులు పొదగనివ్వవు. ప్రతి ఫాంటులోనూ ఒక అనుమతి అంకె ఉంటుంది: 0 అయితే స్వేచ్ఛగా, 8 అయితే దిద్దుకోవడానికి, 4 అయితే చూసి ప్రింటు తీయడానికి, 2 అయితే కుదరదు. వరుసల ఎడాన్ని సింగిల్‌లో వదలకుండా ‘ఎగ్జాక్ట్లీ’ అని ఎంచి పాయింట్లు ఇవ్వండి. 12 పాయింట్ల తెలుగుకు 18తో మొదలుపెట్టి చూడండి. మరీ తగ్గిస్తే ‘లక్ష్మి’ కింది మావత్తు తెగిపోతుంది.

దిద్దే పని అయిపోయి అచ్చుకే పంపుతున్నారా, అయితే పీడీఎఫ్ చేయండి. 1993లో అడోబీ తెచ్చిన ఈ పద్ధతి 2008లో ఐఎస్ఓ ప్రమాణమైంది. ఇందులో పేజీ కుట్టేసి ఉంటుంది, ఫాంటు లోపలే ఉంటుంది. ఉందో లేదో ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ విభాగం చూస్తే తెలుస్తుంది. ప్రతి పేరు పక్కనా ‘ఎంబెడెడ్’ అని ఉండాలి. దీన్నుంచి తెలుగును మళ్లీ కాపీ చేసుకుంటే ఒత్తులు చెల్లాచెదురయ్యే ప్రమాదం ఉంది, అందుకే వర్డ్ ఫైలును పారేయొద్దు.

ప్రెస్సుకు రెండూ పంపండి, మెయిల్లో ఒక వాక్యం కలపండి: పీడీఎఫ్‌లో మొత్తం 48 పేజీలు, మీ దగ్గర అంతకంటే ఒక్క పేజీ ఎక్కువ కనిపించినా ప్లేటు వేయకముందే ఫోన్ చేయండి.